మెయిలు కోసిన కవిత

పటమట పద్యసభకు సాంబశివరావు గారు ఇరవై ఏళ్లుగా అధ్యక్షులు. ఛందస్సు లేని కవిత్వమంటే ఆయనకు ఒళ్లు మంట. 2002లో ఓ వారపత్రిక వరసపెట్టి వచన కవితలే వేస్తుంటే ఉండబట్టలేక, వీధి చివర మెహరాజ్ నడిపే నెట్ సెంటర్‌కు వెళ్లి సంపాదకుడికి ఘాటుగా ఒక మెయిల్ చెప్పి టైపు చేయించారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

తరువాతి శుక్రవారం అది ఉత్తరాల పేజీలో లేదు. 'ఈ వారం కవిత'గా, బొమ్మతో సహా వచ్చింది.

వాక్యాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి
పేర్చినంత
మాత్రాన కవిత్వం అయిపోదు, అయితే మా ఇంటి కూరగాయల
చీటీ
కూడా కావ్యమే!

సాంబశివరావు గారు చెప్పులు కూడా మరిచిపోయి నెట్ సెంటర్‌కు పరుగెత్తారు.

"నా వాక్యాల్ని విరగ్గొట్టిందెవరమ్మా?"

"నేను కాదు మాస్టారూ! డెబ్బై అక్షరాలు దాటితే మెయిలే లైను కోసేస్తుంది. దారిలో ఇంకో కంప్యూటరు ఇంకాస్త కురచగా కోస్తుంది. మిగిలిన ముక్క కింద పడుద్ది."

"దానికి యతిస్థానం తెలీదా?"

"డెబ్బై దాకా లెక్కే తెలుసండీ."

పది రోజుల్లో పద్యసభ. ఈలోగా ఆయన వచన కవి కాదని అచ్చులో రుజువు కాకపోతే అధ్యక్షుడి కుర్చీ దిగాల్సిందేనని సభ్యులు తేల్చేశారు. రెండు రోజులు అన్నం సయించక, సంపాదకుణ్ణి ఉతికి ఆరేస్తూ ఆయన ఓ సీసపద్యం అల్లారు.

మెహరాజ్ పద్యపాదాలు చూసి పెదవి విరిచింది. "చాలా పొడుగండీ. మళ్లీ కోసేస్తుంది."

"అయితే పైన రాయి. విరిగిన లైన్లన్నీ దయచేసి కలిపి వేయగలరు."

సంపాదకుడు మర్యాదస్తుడు. అన్నీ కలిపేశాడు. పద్యం మొత్తం ఉత్తరాల పేజీలో ఒకే పేరాగా వచ్చింది. కింద ఒక మాట కూడా చేర్చాడు: "ఉత్తరం కాస్త వాడుక భాషలో రాసి ఉంటే బాగుండేది."

సాంబశివరావు గారు నెత్తిన చెయ్యి పెట్టుకుని వంటింట్లోకి వెళ్లారు. అక్కడ అలమర తలుపు మీద, భార్య దుర్గాంబ కత్తిరించి అంటించిన పత్రిక ముక్క కనబడింది. ఆ కవితే.

"ఇదెందుకు అంటించావ్?"

"నలభై ఏళ్ల నుంచీ మీరు చదువుతుంటే తలూపుతున్నానండీ. చదివి నవ్వుకున్నది ఇదొక్కటే. కూరగాయల చీటీ రాసినప్పుడల్లా గుర్తొస్తుంది."

ఆయనకు కోపం రాలేదు. సిగ్గేసింది, ఆ వెనకే పట్టరాని సంతోషం కలిగింది.

సాయంత్రం నెట్ సెంటర్లో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పద్యసభకు రాజీనామా టైపు చెయ్యమ్మా. ఎక్కడ కోసినా అడ్డుపడకు."