నాలుగు గ్లాసుల ఉప్పు

ఆళ్లగడ్డలో బస్సెక్కినప్పటి నుంచి బ్లెస్సీ పెదవులు కదులుతూనే ఉన్నాయి. నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీవాళ్లు కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పమన్నారు. ఇప్పటికే రెండు చోట్ల వద్దన్నారు. ఇది మూడోది.

"ఏందే, ప్రార్థన చేస్తాండావా?" అంది బాలమ్మ. ఆళ్లగడ్డ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె ఈరోజు సెలవు పెట్టి కూతురి వెంట వచ్చింది.

"వాయు స్థిరాంకం మా. గ్యాసులన్నిటికీ ఒకటే. ఒత్తిడి కిలోపాస్కల్లో కొలిస్తే ఎనిమిది పాయింట్ మూడు ఒకటి నాలుగు. అట్మాస్ఫియర్లలో కొలిస్తే సున్నా పాయింట్ సున్నా ఎనిమిది రెండు ఒకటి."

"ఒకటే అంటివి, రెండు చెప్తాండావ్."

"కొలత మారితే అంకె మారతాది."

"ఓ, నా ఉప్పు కతేనా!" బాలమ్మ నవ్వింది. "బడిలో నా మొదటి రోజు. పప్పుకు ఉప్పు నాలుగు అనింది పాత వంటామె. ఆమెవి పిడికిళ్లు. నేను గ్లాసులు పోసినా. పిల్లోళ్లంతా కొళాయి కాడికి పరుగో పరుగు! యాడా చెప్పొద్దు మే, పరువు పోతాది."

క్లాసులో వెనక బెంచీ మీద ప్రిన్సిపాల్ లక్ష్మీనారాయణ కూర్చున్నాడు. వరండా కిటికీ దగ్గర టిఫిన్ సంచితో బాలమ్మ నిలబడింది. ఒక మోల్ వాయువు, మూడు వందల కెల్విన్లు, వంద కిలోపాస్కల్లు. ఎంత చోటు ఆక్రమిస్తుంది? బ్లెస్సీ చకచకా లెక్క చేసింది. పావు లీటరు.

ముందు బెంచీలో సుప్రజ అనే అమ్మాయి లేచింది. "అంతేనా మేడమ్? నీళ్ల గ్లాసులో పట్టేస్తాదే!"

బ్లెస్సీ బోర్డు వైపు చూసింది. ఒత్తిడి కిలోపాస్కల్లో ఉంది. స్థిరాంకం మాత్రం అట్మాస్ఫియర్లది, సున్నా పాయింట్ సున్నా ఎనిమిది రెండు ఒకటి. ప్రిన్సిపాల్ పెన్ను కాగితం మీద ఆగింది.

కిటికీలో అమ్మ ముఖం కనిపించింది.

"మా అమ్మ ఒకసారి పప్పులో నాలుగు గ్లాసుల ఉప్పు పోసింది," అంది బ్లెస్సీ. కథంతా చెప్పింది. పిల్లలు విరగబడి నవ్వారు. "నేనూ ఇప్పుడు అదే చేసినా. అంకె తప్పు కాదు, కొలత వేరే." స్థిరాంకం మార్చి మళ్లీ లెక్క వేసింది. దాదాపు ఇరవై అయిదు లీటర్లు. "మీ ఇంట్లో నీళ్ల క్యాను కన్నా ఎక్కువ. చూసుకోండి."

క్లాసయ్యాక లక్ష్మీనారాయణ బయటికొచ్చాడు. "సోమవారం నుంచి వచ్చేయమ్మా. తప్పును దాచకుండా దాంతోనే పాఠం చెప్పినావు." బాలమ్మ వైపు తిరిగాడు. "ఆ పప్పు మీదేనా?"

"ఇప్పుడు బాగా చేస్తాండా సార్," అంది బాలమ్మ గట్టిగా.

బస్టాండులో టిఫిన్ విప్పుతూ కూతుర్ని మోచేత్తో పొడిచింది. "నా పరువంతా తీస్తివి గదే!"

"ఉద్యోగం వచ్చింది గదమా."

బాలమ్మ ఇడ్లీ ముక్క కూతురి నోట్లో పెట్టింది. "సరేలే. మూడున్నర గ్లాసులు అని చెప్పింటే సరిపోతాండె."