కదలకుండా పది రాత్రులు

హాస్టల్లో అందరూ అతన్ని గుడ్లగూబ అనేవారు. అతనూ పలికేవాడు. మూడో ఏడు మొదలైనప్పటి నుంచి రాత్రిళ్లు అతని కంటి మీద కునుకు లేదు. తెల్లారుతుండగా కన్ను మూతపడిందంటే మాత్రం ఎవరు తట్టి లేపినా తెరుచుకునేది కాదు. అలా ఒక ఉదయం లెక్కల పరీక్ష కాస్తా నిద్రలో కలిసిపోయింది. లేచేసరికి తోటివాళ్లు మెస్సులో అన్నం తింటూ జవాబులు సరిచూసుకుంటున్నారు.

మళ్లీ రాయనివ్వాలంటే జబ్బు ఉందని యూనివర్సిటీ ఆస్పత్రి నుంచి కాగితం తెమ్మన్నారు. కాగితం రాకపోతే ఏడాది పోయినట్టే, దాంతోపాటు హాస్టల్ గదీ పోయినట్టే. ఇంట్లో పదో తరగతి దాటినవాడు తనొక్కడే. అక్క లాండ్రీలో రోజంతా ఇస్త్రీ బల్ల ముందు నిలబడి చదివిస్తోంది. మా వాడు సోమరి కాదు, ఒంట్లో ఏదో తేడా ఉంది అని నమ్మిందీ ఆ అక్కే.

డాక్టరమ్మ అంతా విని, గడియారం లాంటి పట్టీ ఒకటి అతని చేతికి కట్టింది. పది రోజులు తీయొద్దు, నీ నిద్ర సంగతి అదే చూసుకుంటుంది, నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు అంది. ఆ చివరి మాట అతని చెవికెక్కలేదు. ఎవరైనా పరీక్ష పెట్టారంటే బుద్ధిగా చేసి మంచి మార్కులు తెచ్చుకోవడం తప్ప అతనికి ఇంకొకటి తెలియదు.

ఆ పది రాత్రులూ పదింటికల్లా దీపం ఆర్పి, వెల్లకిలా పడుకుని కొయ్యబొమ్మలా ఉండిపోయాడు. దోమ కుట్టినా తోలలేదు. ముక్కు దురద పెడితే ఓర్చుకున్నాడు. కళ్లు మాత్రం కప్పుకేసి చూస్తూనే ఉన్నాయి. ఒరేయ్, ఊపిరన్నా తీస్తున్నావా, మీ అక్కకి కబురు పెట్టమంటావా అని రూమ్మేట్ వేళాకోళం చేశాడు. దానికీ కదల్లేదు. ఆరు కొట్టగానే లేచి, మండే కళ్ల మీద చన్నీళ్లు చల్లుకునేవాడు.

పదకొండో రోజు డాక్టరమ్మ పట్టీ విప్పి కంప్యూటర్‌కి తగిలించింది. కాసేపు తెర వంక, కాసేపు అతని మొహం వంక చూసింది.

"రోజూ ఎనిమిది గంటలు. ఒక్కసారి కూడా పక్కకి ఒత్తిగిల్లలేదు. నాకే ఇంత నిద్ర లేదు బాబూ."

"నిద్రపోలేదండి. కదలకుండా పడుకున్నానంతే."

"ఎందుకూ?"

"మార్కులు బాగా రావాలనండి."

చెయ్యి కదలకపోతే నిద్రపోయినట్టే ఆ పట్టీ లెక్కగడుతుందని ఆవిడ అప్పుడు చెప్పింది. మళ్లీ కట్టమని బతిమాలాడు. కాగితం ఇవ్వాల్సిన గడువు ఆ సాయంత్రంతో సరి. పరీక్ష తప్పినవాళ్లు రోజూ ఏదో ఒక కథతో వస్తారని, యంత్రం ఒకటి చెబుతుంటే తను ఇంకొకటి రాయలేనని మెత్తగానే అంటూ, నిద్ర సక్రమంగా ఉందని రాసి ముద్ర వేసింది. కసురుకున్నా బాగుండేది అనిపించింది అతనికి.

వరండాలో బల్ల మీద కూలబడేసరికి అక్క ఫోను. భోజనాల విరామంలో చేసింది. ఏమన్నారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు: ఏ జబ్బూ లేదన్నారు, పరీక్ష రాయనివ్వరు. పట్టీ సంగతి కూడా చెప్పబోయాడు గానీ, తన నోట వింటుంటే తనకే అది నమ్మశక్యంగా అనిపించలేదు. మధ్యలోనే ఆపేశాడు.

అక్క గొంతు తగ్గించి అడిగింది.

"డాక్టరే ఏమీ లేదంటే, మరి ఆ రోజు ఎందుకు లేవలేదురా?"

అవతల విరామం అయిపోయినట్టు గంట కొట్టారు. అక్క ఫోను పెట్టేసింది.