పోస్టుమాన్‌గారి రాళ్లు

పోస్టుమాన్‌గారు ముప్పై ఏళ్లు ఉత్తరాలు మోశారు. తిరిగొచ్చేటప్పుడు సంచి ఖాళీగా ఉండటం ఇష్టంలేక రాళ్లు మోశారు. అవి ఆదిమానవుల పనిముట్లని ఆయన గట్టి నమ్మకం. పరీక్ష ఒక్కటే. రాయిని కుడిచేత్తో పట్టుకునేవారు. గుప్పెట్లో ఒదిగితే పనిముట్టు, ఒదగకపోతే పెరట్లోకి. ఒదిగినవాటికి ఊరూ తేదీ రాసి చీటీ అంటించేవారు.

మంచం కింద నిండి, బీరువా మీద నిండి, చివరికి దేవుడి గూట్లోకి కూడా రెండు చేరేసరికి భార్య ఓపిక అయిపోయింది.

"రాళ్ల సంగతి తెలిసినవాళ్లకు చూపించండి. మీ రాళ్లలో ఒక్కటి నిజమైనా అన్నీ ఉంటాయి. లేదంటే ఆదివారానికి అన్నీ బయటికి."

అలా మ్యూజియం ఆఫీసరమ్మ వచ్చి, చాప మీద కూర్చుని భూతద్దం తీసింది.

"ఇది ఏట్లో దొర్లి నునుపెక్కింది బాబాయిగారూ."

"గుప్పెట్లో ఎంత బాగా ఒదిగిందో చూడమ్మా."

"సబ్బుబిళ్ల కూడా ఒదుగుతుంది కదండీ."

రెండోది ఎండకు పగిలిందట. మూడోది బండిచక్రం కింద పడి విరిగిందట. నలభయ్యోదాని దగ్గర ఆమెకే జాలేసింది.

"ఒక పెచ్చు ఊడితే ఏదో తగిలిందనుకోవచ్చు. అంచు వెంట వరసగా ఊడితే ఎవరో కూర్చుని కొట్టారన్నమాట. ఇక్కడ అది లేదు. చీటీలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి."

"మనిషి చేయలేదంటే దేవుడు చేసినట్టేగా తల్లీ. ఆయన చేతిపనికి మీ మ్యూజియంలో చోటు లేదా?"

"ఆయన సరుకంతా పెట్టాలంటే మా గదులు చాలవండీ."

అంతలో వంటింట్లోంచి గరగరమని చప్పుడు. భార్య తలుపు చాటున వింటూ పాలు మాడ్చేసింది. ఆ గిన్నెనే గోకుతోంది. ఆఫీసరమ్మ లేచి వెళ్లి ఆవిడ ఎడమచేతిలోని నల్లరాయి అందుకుంది. అంచు వెంట ఏడు పెచ్చులు, వరసగా.

"పిన్నిగారూ, ఇదెక్కడిది?"

"ఆయన గుప్పెట్లో ఒదగలేదని పారేశారు. నాది ఎడమచేతివాటం, నాకు ఒదిగింది. పన్నెండేళ్లుగా గిన్నెలు గోకుతున్నా."

"వేల ఏళ్ల కిందట ఎవరో తోలు గోకడానికి చేసుకున్నారండీ. ఎక్కడ దొరికిందో తెలిస్తే బాగుండు."

చేరని ఉత్తరాలకూ పద్దు రాసిన మనిషి కనుక, పోస్టుమాన్‌గారి దగ్గర పారేసిన రాళ్లకూ ఒక నోటుబుక్కు ఉంది. పేజీ తీసి, గొంతు తగ్గించి చదివారు.

"ఏటిగట్టు మలుపు. నల్లది. అంచు గరుకు. పనికిరాదు."

ఆఫీసరమ్మ నవ్వాపుకుని రాసుకుంది. రాయి పట్టుకుని వెళ్లిపోయింది.

"ఒకటి నిజమైంది. ఇక నా రాళ్లు ఉన్నట్టే," అన్నారాయన.

"పారేశాక అది మీదెలా అవుతుంది? నాది. మీవి ఆదివారం బయటికి."

ఆదివారం రాళ్లు గుమ్మం దాటుతుంటే భార్య మాడిన గిన్నెతో వచ్చి కుప్ప పక్కన కూర్చుంది. ఆయన ఒక్కొక్కటే అందించారు. ఆవిడ ఎడమచేత్తో గోకి చూసి పక్కన పడేసింది. యాభై అయ్యాయి. గిన్నె నలుపు నలుపులాగే ఉంది.

"దేవుడు ఇన్ని చేశాడు గానీ, మాడిన గిన్నె సంగతి ఆలోచించలేదండీ."

"అందుకే మనిషిని చేశాడేమో."

ఆవిడ ఆయన మొహం చూసింది. తర్వాత చేతిలో ఉన్న రాయిని చూసింది.

"సరే, ఇదొక్కటి ఉంచండి. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతా."

ఆయన గబగబా లోపలికెళ్లి కొత్త చీటీ తెచ్చి, 'తలుపు రాయి' అని రాసి, తేదీ వేసి అంటించారు.