తిట్టడానికి ఒక మనిషి

మా ఆడపడుచుకి రొమ్ము క్యాన్సరని తేలిన రోజు నుంచి మా ఇంట్లో అందరికీ ఒకటే పని, అది ఎందుకొచ్చిందో కనిపెట్టడం. వైద్యం డాక్టర్లు చూసుకుంటున్నారు కాబట్టి దర్యాప్తు మా వంతుకొచ్చింది.

ఆమె లెక్కల టీచరు. నలభై దాటినా మా అందరికీ చంటే. పెళ్ళి చేసుకోలేదు. వైద్యం పూర్తయ్యేదాకా ఉండమని మేమే తీసుకొచ్చి పెట్టుకున్నాం. మా ఆయన ఇంటర్నెట్టు చదివి ప్లాస్టిక్ డబ్బాలన్నీ బయట పారేశారు. పక్కింటావిడ సెల్‌ఫోన్‌ని అనుమానించింది. మా అత్తగారికి మాత్రం సాక్ష్యాలతో పనిలేదు. వేళకి పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, పాలిచ్చి ఉంటే ఇది వచ్చేదే కాదని ఆవిడ తీర్పు. చంటి వాంతి చేసుకుని బాత్రూములోంచి బయటికొచ్చే వేళకి గుమ్మంలో నిలబడి మరీ ఆ తీర్పు వినిపించేవారు. చేతిలో పొడి తువ్వాలు కూడా ఉండేది. ప్రేమ లేదనడానికి వీల్లేదు.

ఆపరేషను అయింది, కీమో అయింది, జుట్టు పోయింది. ఇక మూడు వారాలకొక ఇంజెక్షను, ఏడాది పాటు. అన్నిటిలోకీ ఇదే తేలికని డాక్టరమ్మ చెప్పింది. కొండలన్నీ ఎక్కొచ్చిన మనిషి ఆ తేలికైన దాని దగ్గరే కూలబడింది. ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి పక్కన కూర్చుని, సోమవారం ఆస్పత్రికి రానంది.

"ఓపిక లేదు వదినా. సూదికి కాదు. దారి పొడుగునా అమ్మ అడిగే ప్రశ్నలకి."

నేను దిండుగలీబు ఒకటి మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను. ఇంజెక్షను మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని ఇద్దరికీ తెలుసు. తెలిసినవాళ్ళకి తెలిసిన సంగతి చెప్పడమంత దండగ పని ఇంకోటి లేదు. కాబట్టి తెలియనావిడకి చెబుదామని బయల్దేరాను.

అత్తగారు వంటింట్లో బఠానీలు వలుస్తున్నారు. డాక్టరమ్మ నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పిందంతా ఆవిడకి ఒప్పజెప్పాలనుకున్నాను. ఇది పెళ్ళి వల్లా కాదు, కాకపోవడం వల్లా కాదు, ఒక జన్యువు అదుపు తప్పడం వల్ల వచ్చిందని మొదలుపెట్టాను. జన్యువన్న మాట దగ్గరే ఆవిడ చెవులు మూసుకుపోయాయి.

"అంటే నా రక్తంలోంచే వచ్చిందన్నమాట," అని చేతిలో కాయ కింద పెట్టి లేచి వెళ్ళి పడుకున్నారు.

ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కాఫీతో సరిపెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆస్పత్రికి వెళ్ళనని ఒకరు, అన్నం తిననని ఒకరు. ఏం చెప్పావని మా ఆయన నన్నడిగారు. సైన్సు చెప్పానన్నాను.

ఆదివారం సాయంత్రం చంటి తనే వెళ్ళి తల్లి మంచం మీద కూర్చుంది. నేను పాలగ్లాసు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాను. వంశంలో వచ్చే రకమేమోనని పరీక్ష చేశారని, కాదని తేలిందని చెప్పింది. అత్తగారు గోడవైపే తిరిగి ఉన్నారు. చంటి తన క్లాసులో వెనక బెంచీ పిల్లలకి చెప్పినట్టు, కోపం లేకుండా, మొదటి నుంచీ మొదలుపెట్టింది. ఆ జన్యువు అందరిలోనూ ఉంటుంది. ఎప్పుడు పెరగాలో కణానికి చెప్పడం దాని ఉద్యోగం.

"నీలోనూ ఉంది, వదినలోనూ ఉంది. చెప్పాల్సినప్పుడు చెప్పి ఊరుకుంటోంది. నాకు మాత్రం రొమ్ములో ఒక్క కణంలో, పుట్టిన చాలా ఏళ్ళకి, దానికి బోలెడన్ని నకళ్ళు తయారయ్యాయి. ఒకరు చెప్పాల్సిన మాట పదిమంది కలిసి అరుస్తుంటే, ఆ పిచ్చి కణం ఆగకుండా చీలుతూ పోయింది. ఇప్పుడిచ్చే ఇంజెక్షను ఆ అరుపులు లోపలికి వెళ్ళకుండా గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది."

అత్తగారు ఇటు తిరిగారు. పెత్తనాల సంగతి ఆవిడకి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

"పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట," అన్నారు. అనేసి, కూతురి నున్నటి తల చూసి నాలిక్కరుచుకున్నారు.

చంటి నవ్వింది. అందుకు కూడా ఓపిక కూడదీసుకోవలసి వచ్చింది గాని, నవ్వింది.

"ఇంతకీ దానికి పెత్తనం ఎవరిచ్చారే?"

"ఎవరూ ఇవ్వలేదమ్మా. కణం చీలేటప్పుడు ఎక్కడో తప్పు పడింది. ఎందుకు పడిందో డాక్టరమ్మకీ తెలీదు. నువ్వు చేసింది కాదు, నేను చేసిందీ కాదు."

ఎవరి తప్పూ లేదంటే మనుషులు తేలికపడతారని నేననుకునేదాన్ని. ఆవిడ మొహం చూస్తే కింద పీట లాగేసినట్టుంది.

"మరి నేనెవర్ని తిట్టుకోవాలి?" అన్నారు. 

"నన్ను తిట్టండి అత్తయ్యా," అన్నాను. "అలవాటైన పనేగా."

ఆవిడ నిజంగానే ఆలోచించారు. "నిన్నేమని తిట్టను, అన్నీ వేళకి అమరుస్తున్నావు," అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు దక్కిన మొదటి మెప్పు అది. ఆనందించడానికి వేళ మాత్రం బాలేదు. పాలగ్లాసు అందిస్తే సగం తాగారు.

చంటి తల్లి చెయ్యి పట్టుకుంది. "రేపు వస్తానమ్మా. నువ్వూ రా. కానీ ఎందుకొచ్చిందన్న మాట ఎత్తావంటే కారు ఆపించుకుని దిగిపోతా."

సోమవారం అత్తగారు కూతురి పక్కన, వెనక సీట్లో, పెదాలు బిగించుకుని కూర్చున్నారు. సందు మలుపు దాటాక నోరు తెరిచారు. చంటి కళ్ళు అటు తిరిగాయి. ఆవిడ ఒక క్షణం ఆగి, ముందు సీట్లో ఉన్న నా వైపు వంగారు.

"పిల్ల తల వాల్చుకోవడానికి ఒక దిండు తేవాలని తోచలేదుటే నీకు?"

అక్కణ్ణించి సాగింది. నీళ్ళ సీసా మూత వదులైందట, ఏసీ చల్లగాలి నేరుగా పిల్ల మీదికే కొడుతోందట, నేను కట్టుకున్న చీర ఆస్పత్రికి వెళ్ళేదిలా లేదట. నేను ఊఁ కొడుతూ పోయాను. మా ఆయన కళ్ళు రోడ్డు మీంచి తీయలేదు, జాగ్రత్తపరులు. అద్దంలో చూస్తే చంటి తల్లి భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది.

ఆస్పత్రి ముందు కారాగాక తనే తలుపు తీసుకుని దిగింది.