కింది గది

గుడ్డని ముందుకు లాగే ఇనుప పళ్ళ సందుల్లో బురద గడ్డకట్టుకుపోయింది. ఓడీల్ పాత టూత్‌బ్రష్‌తో గీకుతోంది. నాలుగు కుట్టుమిషన్లలో ఇది మూడోది. ఏదీ ఇక తిరగదని ఆమెకీ తెలుసు, అయినా చేతులు ఊరుకోవడం లేదు. మార్డీగ్రా పండగ ఊరేగింపుకి కుట్టిన ముప్ఫై జతల వేషాలు పెరట్లో చెత్తకుప్ప మీద పడున్నాయి, వాటి చెమ్కీలు బురదలో ఇంకా మెరుస్తున్నాయి. పాడు మెరుపు!

పెళ్ళయ్యాక ఈ ఇంట్లోకి పక్కనున్న బయూ కాలవ నీళ్ళు రావడం ఇది నాలుగోసారి. ప్రతిసారీ గోడలు కడిగిందీ, బూజు గోకిందీ, వాసన పట్టిన పరుపులు ఈడ్చిందీ తనే. మూడోసారి తర్వాత ప్రభుత్వ డబ్బుతో ఇంటిని స్తంభాల మీదికి ఎత్తించారు. అప్పుడే అల్సీడ్ అన్నాడు, "కింద ఊరికే ఖాళీ ఎందుకే? గోడలు పెట్టిస్తా, నీ మిషన్లు దించుకో." తన కోసం మొగుడు గది కట్టించాడని ఆ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఎంత పిచ్చిది! "పోన్లే, ఆ పీలికల గొడవ నా హాల్లోంచి వదిలింది," అంది అత్తగారు యూలా. ఆ గదిలో పదకొండేళ్ళు కుట్టింది. వరద ఇన్సూరెన్స్ ప్రీమియం ఏటా ఆ కుట్టు డబ్బుల్లోంచే వెళ్ళింది. "అంతా దాంట్లో ఉంది, నీకెందుకు బెంగ?" అనేవాడు అల్సీడ్.

ఇవాళ పొద్దున అల్సీడ్ ఆ గది గోడలు గడ్డపారతో పడగొట్టాడు. ఎందుకని అడిగితే ఒక కాగితం చూపించాడు. ఇల్లు ఎత్తించిన ఏడాది ఇన్సూరెన్స్ కోసం రాసిచ్చిన హామీ అది. కింద గది కట్టం, బండి తప్ప ఏమీ పెట్టం అని. కింద అతని సంతకం. ఆమె గదికి గోడలు లేపడానికి సరిగ్గా నెల ముందు తేదీ.

"అంటే నా మిషన్లు ఏనాడూ దాంట్లో లేవా?"

"అలా రాసిస్తేనే కదే ప్రీమియం తగ్గింది! ఇన్సూరెన్స్ ఆయన వస్తున్నాడు. కింద ఎవరూ ఉండరని చెప్పు. నోరు జారావంటే ఇల్లు పోతుంది."

"ఎవరిల్లు?" అంది ఓడీల్. అతను వినిపించుకోలేదు.

మధ్యాహ్నం నష్టం లెక్కరాసే ఇన్సూరెన్స్ ఆయన ప్రూయెట్ వచ్చాడు. నెరిసిన జుట్టు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. ఈసారి స్తంభాలు దాటి పైకెక్కిన నీళ్ళకి తడిసిన సోఫానీ, ఉబ్బిన చెక్కనేలనీ ఫొటోలు తీసుకుని దిగాడు.

"నాలుగోసారమ్మా మీకు," అన్నాడు. "మునిగిన ఇంటికే మళ్ళీ మళ్ళీ ఇచ్చి ఈ ప్రభుత్వ ఇన్సూరెన్స్ పథకం పీకల్లోతు అప్పుల్లో పడింది. రేట్లు పెంచితే జనం మానేస్తారు, పెంచకపోతే ఇదే మునిగిపోతుంది. కాగితాల్లో ఒకటుంటుంది, వచ్చి చూస్తే ఇంకోటుంటుంది. మరి ఎలా నిలబడుతుంది?"

నిజమే అనుకుంది ఓడీల్. ఎవరూ లెక్కలో రాయని బరువు ఎక్కడో ఒకచోట ఎవరో మోస్తూనే ఉంటారు. ఇన్నాళ్ళూ ఈ ఇల్లు చవగ్గా నిలబడింది తన మీదే. తను లేనట్టు సంతకం పెట్టి మరీ తన డబ్బుతోనే నడిపించాడు.

"కింద భాగం ఎవరైనా వాడుతున్నారా?" ప్రూయెట్ కాగితం తిప్పాడు.

"ఎవరూ లేరు సార్, బండి పెట్టుకుంటాం అంతే," అన్నాడు అల్సీడ్.

"ఓడీల్, కాఫీ పెట్టివ్వవే ఆయనకి!" పైనుంచి అత్తగారి కేక.

"పాలసీ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి," అన్నాడు ప్రూయెట్. "మీరు కూడా చెప్పాలమ్మా."

అల్సీడ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా నొక్కాడు. ఓడీల్ ఆ చెయ్యి తీసేసింది. బురద టూత్‌బ్రష్‌ని మిషను మీద పెట్టింది.

"కింద నేనుంటానండీ, పదకొండేళ్ళుగా," అంది. "రాసుకోండి."