తొంభై ఆరో పేజీ

నేను ఒక నవలను. రాజమండ్రిలో అచ్చయ్యాను, నూట నలభై ఎనిమిది పేజీల ఒళ్లు. విశాఖపట్నం గ్రంథాలయంలో పదేళ్లున్నాను. నన్ను విసనకర్రగా వాడినవాళ్లున్నారు, తలకింద పెట్టుకుని గుర్రుపెట్టినవాళ్లున్నారు. మనుషుల సంగతి నాకు తెలుసనుకున్నాను. ఏం తెలుసు, నా మొహం!

పట్నం మీద జపానువాళ్ల బాంబులు పడ్డ రోజు అందరూ బిందెలూ చెంబులూ మూట కట్టుకుంటుంటే, విశాలాక్షి పంతులమ్మ గ్రంథాలయానికి పరుగెత్తి చేతికందిన ఐదు పుస్తకాలు సంచిలో కుక్కుకుంది. అందులో నేనొకదాన్ని. నాలుగూళ్లు దాటి ఒక సత్రంలో తలదాచుకున్నాం. నలభై కుటుంబాలు. గంజి సగం గిన్నెకే వచ్చినా మధ్యాహ్నం పంతులమ్మ నన్ను అందరికీ చదివి వినిపించడం మాత్రం తప్పేది కాదు. ఆ కాసేపూ ఆకలీ, విమానాల భయమూ ఎవరికీ గుర్తుండేవి కావు.

అందరికన్నా ముందు కూర్చునేది పైడమ్మ. ఆవిడ భర్త అప్పలస్వామి రంగూను రేవులో కూలీ. యుద్ధం అక్కడికీ వచ్చాక అడవుల వెంట కాలినడకన ఇంటికి బయలుదేరాడని కబురొచ్చింది. ఆ తరువాత ఏ కబురూ లేదు. నా కథానాయకుడూ పరదేశం నుంచి నడిచే వస్తాడు. అతను ఒక ఏరు దాటితే పైడమ్మ ఇంత గంజి తాగేది.

తొంభై ఆరో పేజీలో అతను చనిపోతాడు. పంతులమ్మ నన్ను అంతకుముందు చదవలేదు, పాపం. పేజీ తిప్పి చూసింది, అతను లేచి మళ్లీ నడిచాడని చదివింది. నేను నిర్ఘాంతపోయాను. నాలో లేని మాట! మర్నాడూ అంతే. అతన్ని కొండలెక్కించింది, వాగులు దాటించింది. పది రోజులు! నా అచ్చంతా దండగైపోయిందని మండిపడ్డాను.

పదకొండో రోజు రంగూను నుంచి నడిచొచ్చినవాడొకడు సత్రానికి వచ్చి, అప్పలస్వామిని దారిలో తన చేతులతోనే పూడ్చానని చెప్పాడు. ఇక ఆ పూట చదువు ఉండదనుకున్నారంతా. పైడమ్మ వచ్చి తన చోట కూర్చుంది. కంట తడి లేదు. పంతులమ్మ నన్ను తెరిచి, మళ్లీ అతన్ని నడిపించబోయింది.

"వద్దు పంతులమ్మగారూ," అంది పైడమ్మ. "పది దినాల నుంచి మీరు కాయితం తిప్పనేదు. నాకు అచ్చరం రాదు గానీ కళ్లున్నాయి. అక్కడ ఏటుందో ఉన్నదున్నట్టు సదవండి. నానేడవాల."

అక్షరం రానిది పది రోజులుగా నన్ను చదివేస్తోందా! నా కుట్లు ఊడినంత పనయింది.

పంతులమ్మ చదివింది. చావూ, చివరి మాటా, అంతా. పైడమ్మ ఏడ్చింది, సత్రమంతా ఏడ్చింది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి కబురు రాలేదు మరి.

చాలాసేపటికి పైడమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఇంకా యాభై పేజీల మందం మిగిలిన నా వైపు చూసింది.

"ఇప్పుడు తిప్పండి కాయితం," అంది.