ఓర్వలేక కుదిరిన రాజీ

పక్కింటి ఫిరోజాను చూస్తే శివకుమారికి కడుపు మండేది. తనకు రెండు లారీలున్నాయి, మెడలో పది తులాల బంగారముంది. ఫిరోజా మొగుడు షబ్బీర్ ఓర్వకల్లులో మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. అయినా ఆ మనిషి సాయంత్రం ఒక్కడే, ఈల వేసుకుంటూ ఇంటికొస్తాడు. శివకుమారి భర్త బసవన్న నలుగురు వెంట లేనిదే గడప దాటడు. గుట్ట మీది క్వారీ కోసం నాగరాజ్ ఇంటితో ఎనిమిదేళ్ళ పగ. ఇటు శివకుమారి మరిది, అటు నాగరాజ్ అన్న అందులోనే చచ్చిపోయారు.

ఒక ఆదివారం ఫిరోజా గండికోట పోయొచ్చి ఫోన్లో ఫోటోలు చూపించింది. లోయ అంచున మొగుడూ పెళ్ళాం శెనక్కాయలు తింటున్నారు.

"ఎంతమంది పోయింటిరి?"

"ఎంతమందేందక్కా, మేమిద్దరమే."

శివకుమారి ఫోన్ తిరిగిచ్చేసి లోపలికి పోయింది. రెండు రోజులు ఫిరోజాతో మాట్లాడలేదు. నగలను చూసి కుళ్ళుకుంటారు గానీ, శెనక్కాయలు తినడం చూసి కుళ్ళుకోవడమేమిటని తనకే సిగ్గేసింది.

మూడో రోజు వాకిట్లో మొగుడి మనుషుల మాటలు చెవినపడ్డాయి. శుక్రవారం నాగరాజ్ ఎర్రగుంట్లకు ఒంటరిగా పోతున్నాడట. ఇంతకన్నా అదను దొరకదట.

ఆమె ఎవరికీ చెప్పకుండా ఊరికి ఆ కొసనున్న నాగరాజ్ ఇంటికి నడిచింది. అతని భార్య సుప్రజ తలుపు ఓరగా తీసింది. మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ మూసి, లైటు వేసుకున్నారు. అచ్చం తన ఇల్లే.

"శుక్రవారం మీ ఆయన్ను యాడికీ పంపొద్దు."

"నువ్వెందుకు చెప్తాండావక్కా?"

"మీ మీద ప్రేమతో కాదు. మా పక్కింటామె మాదిరి బతకాలని కడుపుమంట."

"నాకు మా చెల్లెల్ని చూస్తే అంతే," అంది సుప్రజ.

మాటలు విని లోపల్నుంచి నాగరాజ్ వచ్చాడు. "బసవన్న పంపినాడా?"

"లేదు."

"అయితే పోయి అడుగు. ఈ మూసిన కిటికీల మధ్య బతికి నాకూ విసుగొచ్చింది. నేను రాజీకొస్తా, ఆయనొస్తాడా అని."

విషయం విని బసవన్న చెయ్యెత్తాడు. "నన్నడక్కుండా వాళ్ళ గడప తొక్కుతావా?"

"నువ్వు పోయింటే శవం లేస్తాండె. నేను పోతే మాట వచ్చింది," అంది శివకుమారి, కదలకుండా.

చెయ్యి దిగింది. "నిజంగా వస్తానన్యాడా?" అని అడిగాడు.

నెల తర్వాత పెద్దల ముందు బసవన్న, నాగరాజ్ రాజీ కాగితం మీద సంతకాలు పెట్టారు. చచ్చిన కొడుకును తలుచుకుని అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు. సుప్రజ పచ్చ పట్టుచీర కట్టుకొచ్చింది. అది తన చీరకన్నా బాగుందని శివకుమారికి కాస్త కుళ్ళుగానే అనిపించింది. పక్కకు జరిగి, యాడ కొన్నావని అడిగింది.